తెల్లటి చుక్క

"సూది మొన ఎక్కడుందో కనిపించట్లేదు మేడమ్..." అంటూనే చెయ్యి ముందుకు పోనిస్తోంది. "ఆగండి సిస్టర్, అక్కడే ఆపండి" అన్నాను.

ఏళ్ల తరబడి వేళ్లతో తడిమి నరం పట్టుకున్న చెయ్యి అది. ఇప్పుడు ఈ నర్సుల ట్రైనింగ్‌లో చేతిని చూడకుండా అల్ట్రాసౌండ్ స్క్రీన్ చూస్తూ గుచ్చమంటే టెన్షన్ ఉండదా మరి.

పొద్దున ఒకరి చెయ్యి ఒకరు స్కాన్ చేసుకున్నప్పుడు బాగానే ఉంది. చర్మం మీద ఆనించే స్కానర్ ముక్క, అదే ప్రోబ్‌తో కాస్త నొక్కితే సిర చప్పగా అణిగిపోతుంది, ధమని మాత్రం కొట్టుకుంటూనే ఉంటుంది. అది అందరికీ వెంటనే పట్టుబడింది. కష్టమంతా మధ్యాహ్నం, చేతికి బదులు ప్రాక్టీసు కోసం పెట్టిన జెల్ దిమ్మ మీద సూది పట్టాకే.

స్క్రీన్ మీద కనిపించే తెల్ల చుక్క సూది మొనే కానక్కర్లేదు, మధ్యలో కాడ కూడా కావచ్చు. అందుకే ప్రోబ్‌ను చుక్క మాయమయ్యేదాకా కొద్దిగా ముందుకు జరపాలి. మళ్లీ చుక్క కనిపించేదాకా సూదిని జరపాలి. మిల్లీమీటర్ల చొప్పున, ఓపిగ్గా.

నాలుగోసారికి స్క్రీన్ మీద నల్లటి గుండ్రం, అంటే నాళం, నడిమధ్యన చుక్క మెరిసింది. దిమ్మలోని నకిలీ రక్తం కనిపించగానే ఆగిపోకుండా, నాళం లోపల ఇంకాస్త దూరం మొనను నడిపించి, అప్పుడు క్యాన్యులా (నాళంలో ఉంచే సన్నటి గొట్టం) జార్చింది.

"డయాలసిస్ వాళ్లకి ఎన్నిసార్లు గుచ్చుతామో మేడమ్... చేతులన్నీ కమిలిపోయి ఉంటాయి" అంది మెల్లగా. నాకు గొంతు పట్టేసింది.

టైం అయిపోయినా ఎవరూ కదల్లేదు. ఆమె ఇంకో సూది అడిగింది.