మా మైక్రోస్కోపును యూరప్ జాబితాలో చేర్చడానికి పడిన పాట్లు: నా అనుభవం

2017లో నేను పోర్చుగల్‌లో ఒక యూనివర్సిటీ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. ఒకరోజు మా ప్రొఫెసర్ పిలిచి "మెరిల్ ఫారం నువ్వే చూసుకో" అన్నారు. యూరప్‌లో ఎక్కడ ఏ పరిశోధన సదుపాయం ఉందో ఒకేచోట చూపించే జాబితా అది. స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ సైన్స్ ఫౌండేషన్ దాన్ని నడిపేది. యూరప్‌కు ఏ పరిశోధన సదుపాయాలు కావాలో చూసే ఎస్ఫ్రి అనే వేదిక 2006లో తెచ్చిన మొదటి రోడ్‌మ్యాప్‌లో 35 ప్రాజెక్టులున్నాయి కానీ, అవి కొత్తగా కట్టాల్సినవి, పెద్ద ఎత్తున మెరుగుపరచాల్సినవి. అప్పటికే నడుస్తున్నవాటి సంగతి తేల్చడానికి వచ్చిందే మెరిల్.

యంత్రం వివరాలు, ఫొటోలు ఒక్క పూటలో అయిపోయాయి. టెన్షన్ అంతా ఆ తర్వాతే. ఖరీదైన యంత్రం ఉంటే సరిపోదు, సొంత దేశం దాటి కూడా దానికి ప్రాధాన్యం ఉండాలి, బయటి పరిశోధకులు వచ్చి వాడుకునే వీలుండాలి. మరి మా దగ్గరికి బయటివాళ్లు ఎంతమంది వచ్చారు?

యంత్రం పక్కనుండే పాత నోట్‌బుక్కులు నాలుగూ ముందేసుకుని కూర్చున్నాను. చాలా చోట్ల ఒట్టి పేరు, టైము, అంతే. ఏ ఊరు, ఏ సంస్థ అన్న గడి ఖాళీ. ఒకచోట "శాంపిల్ కదిలిపోతోంది, మళ్లీ రావాలి" అని రాసి ఉంది. ఆ మనిషి మళ్లీ వచ్చిందో లేదో తెలియలేదు. ఒకే మనిషి ఐదుసార్లు వస్తే ఒకరా, ఐదుగురా? తను రాకుండా కొరియర్‌లో శాంపిల్ పంపితే లెక్కలోకి వస్తుందా? పాత ఈమెయిళ్లు తవ్వి, తెలిసినవాళ్లకు ఫోన్లు చేసి తేల్చడానికి రెండు వారాలు పట్టింది.

అంకె చూసి ప్రొఫెసర్ మొహం చిన్నబోయింది. "పక్క డిపార్ట్‌మెంటువాళ్లను కూడా కలుపుదామా?" అన్నారు. వద్దన్నాను. ఆయనతో అలా మాట్లాడటం అదే మొదటిసారి, గొంతు వణికింది. వరంగల్‌లో ఎమ్మెస్సీ చేసే రోజుల్లో శాంపిళ్లు దూదిలో చుట్టి, టిఫిన్ డబ్బాలో పెట్టుకుని హైదరాబాద్ బస్సెక్కిన మనిషిని నేను. బయటివాళ్లకు స్లాట్ ఇస్తామని రాసి ఉన్న చోటికి వెళ్లి, దొరక్క తిరిగొచ్చాను. జాబితాలో మనం రాసే ఒక్క గడిని నమ్ముకుని ఎక్కడో ఒక అమ్మాయి ప్రయాణానికి డబ్బు కూడబెట్టుకుంటుంది. ఆయనకు ఇదే చెప్పాను. కాసేపు ఆలోచించి, "సరే, ఉన్నదే రాయి" అన్నారు.

తక్కువ అంకెతోనే పంపాం. రెండుసార్లు ప్రశ్నలతో తిరిగొచ్చింది. రెండోసారి అడిగింది స్లాట్ ఎవరికి ఇవ్వాలో ఎలా నిర్ణయిస్తారని. అప్పటిదాకా ముందడిగినవాళ్లకే ఇచ్చేవాళ్లం. ఆ ప్రశ్న పుణ్యమా అని ముగ్గురు కూర్చుని దరఖాస్తులు చదివే పద్ధతి పెట్టుకున్నాం.

మూడోసారికి ఒప్పుకున్నారు. ఆ వారమే కొత్త నోట్‌బుక్ కొని, స్కేలుతో గీతలు కొట్టి, సంస్థ పేరుకో గడి, స్లాట్ ఇవ్వలేకపోయినవాళ్లకు ఇంకో గడి గీశాను.