ఏడు గుంబజుల దగ్గర డంగు సున్నం

గోల్కొండ కోట ఎక్కిదిగి కాళ్లు పీకుతున్నా, పక్కనే కదా అని, ఏడు గుంబజులని పిలిచే కుతుబ్‌షాహీ సమాధులకు వెళ్లాం. మరమ్మతులు జోరుగా సాగుతున్న రోజులవి. 2013లో ఆగాఖాన్ ట్రస్టు, రాష్ట్ర వారసత్వ శాఖ కలిసి మొదలుపెట్టిన పని. వంద దాకా కట్టడాలున్న ఆవరణ, ఒక రోజులో తెమిలేది కాదు.

మావాళ్లు ఫొటోలకు గుమ్మటాల వైపు వెళ్లారు. నేను మాత్రం సున్నం కలిపే చోటే ఆగిపోయాను. కాల్చిన సున్నపు రాళ్లను నీళ్లలో వేస్తే బుసబుసమని పొంగి ఉడికిపోతాయి. ఆ ముద్దను గుంటలో బాగా నాననిచ్చి, వడగట్టి, ఇసుక కలిపి గానుగలో నూరుతారు. అదే డంగు సున్నం. మేస్త్రీ వేళ్ల మధ్య నలిపి చూసి, ఇంకా తిరగాలన్నాడు. నాకైతే అప్పటికే వెన్నలా కనిపించింది. బెల్లం నీళ్లు, మారేడు గుజ్జు కూడా పడతాయట.

"సిమెంటైతే ఒక్కరోజుల గట్టిపడతది కద?" అన్నాను.

"గదే తిప్పలన్నా. రాయి లోపలి తేమ బయటికి రావొద్దా?" అన్నాడు.

గోడకెలాగూ తేమ పడుతుంది. సున్నం పూత దాన్ని బయటికి ఆరనిస్తుంది, సిమెంటు లోపలే బిగించేస్తుంది. ఆ తడి ఉప్పును వెంటేసుకుని పాత గచ్చును పెళ్లలు పెళ్లలుగా ఊడగొడుతుంది. ఇక్కడ గత శతాబ్దంలో మరమ్మతు పేరిట గుమ్మటాలకు పూసిన సిమెంటును అప్పుడు చెక్కి తీస్తున్నారు. పైగా ఉలి ఒక్క దెబ్బ ఎక్కువ పడితే కిందున్న పాత నగిషీ కూడా పోతుంది. కట్టడం కంటే ఈ ఊడదీయడమే కష్టమైన పని అనిపించింది.

అన్నట్టు, రామదాసును చెరసాలలో పెట్టిన తానీషా సమాధి ఇక్కడ లేదు. 1687లో గోల్కొండ పడ్డాక ఔరంగజేబు ఆయన్ను దౌలతాబాద్ కోటలో బంధించాడు. సమాధి ఖుల్దాబాద్‌లో ఉంది.

బడీ బావోలీ దగ్గర ఇంకాసేపు ఉండాల్సింది. 2013 వానలకు ఒక పక్క కూలిపోయిన మెట్లబావి ఇది. రాళ్లు తీసి, పూడిక ఎత్తి, మళ్లీ సున్నంతోనే కట్టారు. 2022లో గోల్కొండ మెట్లబావుల పనికి యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. పురస్కారం సంగతేమోగానీ, బావిలో నీళ్లు నిలిచాయి, నాకు నచ్చింది అది.

వెళ్లేముందు మళ్లీ మేస్త్రీ దగ్గరికి వచ్చి మా ఊరి పాత గుడి సంగతి చెప్పాను. కమిటీవాళ్లు గోడలకు సిమెంటు పూసి, పైన ఆయిల్ పెయింటు వేయించారు. రెండు వానాకాలాలకే గర్భగుడి గోడ ఉబ్బింది. దాని మీదే సున్నం పూస్తే సరిపోదా అని అడిగాను.

"నిలవదన్నా. ముందుగాల సిమెంటంత తియ్యాలె. పూత కన్నా దానికే ఎక్కువైతది. మీ కమిటోళ్లు ఒప్పుకుంటరా?" అన్నాడు.

అడిగి చూస్తానన్నాను.