కొలిజన్ థియరీని బట్టీ పట్టకుండా చదివితే కైనెటిక్స్ మొత్తం చేతికొస్తది

ఫ్రెండ్స్, ఈఏపీసెట్‌కి గానీ నీట్‌కి గానీ ప్రిపేర్ అయ్యేవాళ్ళలో చాలామంది కెమికల్ కైనెటిక్స్ (రియాక్షన్ల వేగం గురించిన చాప్టర్) అనగానే ఫస్ట్ ఆర్డర్ లెక్కలు, హాఫ్ లైఫ్ వరకు గట్టిగా చేసి, కొలిజన్ థియరీ (మాలిక్యూల్స్ ఒకదాన్నొకటి గుద్దుకుంటేనే రియాక్షన్ జరుగుద్ది అనే సిద్ధాంతం) దగ్గరకొచ్చేసరికి ఇది ఇంటర్ పరీక్షలో రాసే పెద్ద ఆన్సరే కదా అని పక్కన పెట్టేస్తారు. దయచేసి అలా చేయకండి, నాకు ఆ చాప్టర్ మీద పట్టు దొరికిందే అక్కడ.

నేను ఒక్క ప్రశ్న పట్టుకుని కూర్చున్నా. టెంపరేచర్ 298 కెల్విన్ నుంచి 308కి పెంచితే చాలా రియాక్షన్లకి రేట్ దాదాపు డబుల్ అవుద్ది అంటారు కదా, ఎందుకు? మాలిక్యూల్స్ స్పీడ్ పెరిగి ఎక్కువసార్లు గుద్దుకుంటాయి అని చాలామంది వెంటనే చెప్పేస్తారు. ఒకసారి లెక్క వేసి చూడండి, కొలిజన్ల సంఖ్య టెంపరేచర్ వర్గమూలాన్ని బట్టి పెరుగుద్ది, 308ని 298తో భాగించి రూట్ తీస్తే 1.017 వస్తది, అంటే పెరిగింది 2 శాతం కూడా లేదు! మరి రేట్ 100 శాతం ఎలా పెరిగింది? గుద్దుకునే వాటిల్లో త్రెషోల్డ్ ఎనర్జీ (రియాక్షన్ జరగడానికి కావాల్సిన కనీస ఎనర్జీ) దాటినవాటి వాటా రెట్టింపు అయింది కాబట్టి. మాక్స్‌వెల్ బోల్ట్జ్‌మన్ గ్రాఫ్‌లో (ఎంత ఎనర్జీ ఉన్న మాలిక్యూల్స్ ఎన్నో చూపే గ్రాఫ్) పీక్ కొంచెం కిందకి దిగి కుడివైపు జరుగుద్ది, మొత్తం ఏరియా మారదు, చివర ఎక్కువ ఎనర్జీ ఉన్న తోక భాగం మాత్రం లావెక్కుద్ది. ఆ తోకే మొత్తం కథ నడిపిస్తది.

ఆ వాటా ఎంత చిన్నదో తెలియాలంటే హైడ్రోజన్ అయొడైడ్ విడిపోయే లెక్క చేయండి. యాక్టివేషన్ ఎనర్జీ (మామూలు మాలిక్యూల్స్ ఆ త్రెషోల్డ్ చేరడానికి అదనంగా కావాల్సిన ఎనర్జీ) మోల్‌కి 209.5 కిలోజౌల్స్, టెంపరేచర్ 581 కెల్విన్, ఆన్సర్ 1.47 ఇంటూ 10 పవర్ మైనస్ 19. అంటే సుమారు 68 వేల కోట్ల కోట్ల మాలిక్యూల్స్‌లో ఒక్కదానికి మాత్రమే సరిపడా ఎనర్జీ ఉంది, అది చూశాక నాకు అర్హీనియస్ ఈక్వేషన్‌లో (టెంపరేచర్‌తో రేట్ ఎలా మారుద్దో చెప్పే ఫార్ములా) ఆ ఎక్స్‌పొనెన్షియల్ ఎందుకుందో మళ్ళీ ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

ఎనర్జీ ఉన్నా సరిపోదు, సరైన వైపు నుంచి తగలాలి. తాళంచెవి తిరగేసి పెడితే ఎంత బలంగా తోసినా తాళం రాదు కదా, అట్లా. బ్రోమోమీథేన్‌తో హైడ్రాక్సైడ్ రియాక్షన్ బొమ్మ గీసుకోండి, హైడ్రాక్సైడ్ కార్బన్‌ని బ్రోమిన్‌కి ఎదురు వైపు నుంచి తాకితేనే మిథనాల్ వస్తది. కొలిజన్ థియరీ ఈక్వేషన్‌లో పీ అనే స్టెరిక్ ఫ్యాక్టర్ ఇదే. ట్రౌట్జ్ 1916లో, లూయిస్ 1918లో విడివిడిగా ఈ థియరీ ఇచ్చారు, గట్టి గోళాలు గుద్దుకుంటున్నట్టు ఊహించారు కాబట్టి మాలిక్యూల్ ఆకారం లెక్కలోకి రాలేదు, ఆ లోటు పూడ్చడానికే పీ.

ఇక లెక్కలకి కాలిక్యులేటర్ ఉండదు కాబట్టి 2.303 ఇంటూ 8.314 (గ్యాస్ కాన్‌స్టెంట్) అంటే 19.15 అని గుర్తుపెట్టేసుకోండి. రేట్ డబుల్ అయ్యే లెక్కకి 0.301 (అంటే లాగ్ 2) ఇంటూ 19.15 ఇంటూ 298 ఇంటూ 308 బై 10, యాక్టివేషన్ ఎనర్జీ వస్తది 52.9 కిలోజౌల్స్. వచ్చిన ఆన్సర్ జౌల్స్‌లో ఉంటది, ఆప్షన్లు కిలోజౌల్స్‌లో ఇస్తారు, చూసుకోండి.

కేటలిస్ట్ స్టేట్‌మెంట్ బిట్స్‌కి కూడా ఇదే గ్రాఫ్ వాడండి: కేటలిస్ట్ (రియాక్షన్ వేగం పెంచే పదార్థం) వేస్తే కర్వ్ కదలదు, యాక్టివేషన్ ఎనర్జీ గీత ఎడమకి జరుగుద్ది, టెంపరేచర్ పెంచితే గీత ఉన్నచోటే ఉండి కర్వ్ మారుద్ది.