కొత్త రైలు మార్గంలో మా పొలం పోయినప్పుడు

హైదరాబాద్ నుంచి బెంగళూరుకు, చెన్నైకి హైస్పీడ్ రైలు మార్గాలు వేస్తారన్న మాట వచ్చినప్పటి నుంచి పాలమూరులోనూ, నల్గొండ వైపు మా చుట్టాల ఇళ్లలోనూ అందరూ అడిగేది ఒక్కటే, "సర్వే మన పొలంలోంచే పోతదా?" మా ఇంట్లో ఈ టెన్షన్ ఇదివరకే పడ్డాం. దేవరకద్ర నుంచి కృష్ణ స్టేషన్ దాకా వేసిన లైన్‌లో మక్తల్ దగ్గర మా రేగడి పొలం కొంత పోయింది. 1997-98లో మంజూరైన మునీరాబాద్–మహబూబ్‌నగర్ మార్గంలో అదొక భాగం. జక్లేర్–కృష్ణ మధ్య చివరి 37 కిలోమీటర్లు 2023 అక్టోబర్ 1న ప్రారంభమయ్యాయి. మా నారాయణపేట జిల్లాకు రైలు రావాలని కోరుకున్న వాళ్లలో నేనూ ఉన్నాను. అయితే పొలం ఇవ్వడం ఒక ఎత్తు, దానికి న్యాయంగా రావాల్సింది రాబట్టుకోవడం ఇంకో ఎత్తు.

నోటీసు మా తాత పేరు మీద వచ్చింది. ఆయన పోయి చాలా ఏళ్లయింది, పట్టా మాత్రం మారలేదు. రికార్డులో ఎవరి పేరుంటే పరిహారం వాళ్లకే కాబట్టి ముందు విరాసత్, అంటే వారసుల పేరు మీదికి పట్టా మార్పు, చేయించాలి. రాయచూరులో ఉన్న మేనత్త సంతకం కావాల్సి వచ్చింది. "తమ్ముడా, భూమి మీద నాకు ఆశ లేదు. నాయన పేరు కాగితంలోంచి తీసేస్తున్నారంటేనే మనసొప్పట్లేదు" అని ఆమె ఏడ్చింది. మా నాయన ఆమెను తొందరపెట్టలేదు. రాత్రంతా కూర్చొని మాట్లాడుకున్నారు, తెల్లారి ఆమే పెన్ను అడిగింది.

అన్నిటికన్నా ముఖ్యమైంది జాయింట్ సర్వే, అంటే అధికారులు పొలానికొచ్చి భూమినీ అందులో ఉన్నవాటినీ రాసుకునే రోజు. ఆ రోజు సర్వేయర్ కాగితంలో ఏం రాస్తే లెక్క దాని మీదే నడుస్తుంది. బోరు రాశారు, వేపచెట్లు రాశారు. పైప్‌లైన్ దగ్గరికొచ్చేసరికి "భూమిలో ఉంది కదా, కనబడట్లేదు" అన్నారు. నాయన గడ్డపార తెచ్చి, గట్టు పక్కన తవ్వి పైపు బయటపెట్టాడు. అప్పుడు రాశారు. తర్వాత ఆఫీసు నుంచి వచ్చిన జాబితాలో చెట్లు తగ్గాయి. సర్వే రోజు తీసిన ఫోటోలు పెట్టి అర్జీ ఇచ్చాం, ముట్టినట్టు స్టాంపు వేయించుకున్నాం. ఆ స్టాంపున్న కాపీ వల్లే జాబితా సరిచేశారు.

ధర ఎవరి నోటి మాటతోనూ తేలదు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం చూసేవి ప్రధానంగా రెండు: రిజిస్ట్రేషన్ విలువ, గత మూడేళ్లలో చుట్టుపక్కల అయిన అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు. వీటిలో ఏది ఎక్కువైతే దాన్ని పల్లెల్లో ఒకటి నుంచి రెండు రెట్ల మధ్య ఒక గుణకంతో హెచ్చించి, చెట్లూ బోర్లూ కలిపి, ఆ మొత్తానికి సమానంగా మరో మొత్తం సోలేషియంగా (భూమి పోయినందుకు అదనపు ఓదార్పు సొమ్ముగా) ఇస్తారు. దస్తావేజులో ధర తక్కువ రాయించే అలవాటు ఊరంతటికీ ఇక్కడే దెబ్బ కొడుతుంది.

మాకు ఎక్కువ బాధ కలిగించింది రైలు కట్టకు అవతల మిగిలిన ముక్క. ట్రాక్టర్ ఊరి చివరి దాకా తిరిగి వెళ్లాలి. పొలం రెండుగా చీలితే వచ్చే నష్టాన్నీ చట్టం లెక్కలోకి తీసుకోమంటుంది, మాకు వచ్చిన అవార్డులో (పరిహారం ఖరారు చేసిన ఉత్తర్వులో) మాత్రం అది లేదు. అందుకే అభ్యంతరం రాసిచ్చి డబ్బు తీసుకున్నాం, పెంపు కోసం ఆరు వారాల గడువులోపే దరఖాస్తు పెట్టాం. అది ఇంకా నడుస్తోంది.

హైస్పీడ్ లైన్ వేరుగా ఉంటుంది. 508 కిలోమీటర్ల ముంబై–అహ్మదాబాద్ మార్గం చాలా భాగం స్తంభాల మీదే కడుతున్నారు. 320 కిలోమీటర్ల వేగంతో పోయే రైలుకు గేట్లు పెట్టలేరు కదా. స్తంభాలైతే మన ట్రాక్టర్ వాటి కింది నుంచి పోతుంది, పొలం చీలదు. కానీ ఆ వేగానికి వంపులు చాలా విశాలంగా ఉండాలి, ఒక్క ఊరి కోసం గీత జరపడం కష్టం. అందుకే కట్ట వేసే చోట అండర్‌పాస్ ఎక్కడ కావాలో ఊరంతా కలిసి మొదట్లోనే రాసివ్వాలి. 2013 చట్టం కింద నోటిఫికేషన్ వస్తే అభ్యంతరాలకు 60 రోజులుంటాయి. రైల్వే చట్టం కింద ప్రత్యేక ప్రాజెక్టుగా వస్తే 30 రోజులే.

నల్గొండ వైపు ఉన్న మా చిన్నాయనకు ఇదంతా ఫోన్‌లో చెప్పాను. ఇంకా ఏ నోటీసూ రాకముందే ఆయన విరాసత్‌కు దరఖాస్తు పెట్టి, పైప్‌లైన్ పోయిన దారి వెంట రాళ్లు పాతించాడు.