అయిదు డాలర్లు తక్కువ

ఉగాది వెళ్ళాక వచ్చిన మొదటి శనివారం. రాత్రి పదిన్నర.

ఈ రోజూ గుడికి వెళ్ళలేకపోయాం. పండుగ నాడు ఆఫీసు ఉందని వాయిదా వేసిన దర్శనం ఇది. అమ్మ నాలుగున్నరకే లేచి, పులిహోర కలిపి, స్టీలు డబ్బాకెత్తి, ఎనిమిది కాకముందే కారులో కూర్చుంది. ఆస్టిన్ నుంచి శాన్ ఆంటోనియో దారిలో సగం దాటామో లేదో, వెనక చక్రం దడదడలాడింది. దిగి చూస్తే టైరు పక్కవాటుగా చీలిపోయి ఉంది. స్పేర్ చక్రం మీద మెల్లగా దగ్గరి ఊరు చేరేసరికి తొమ్మిదిన్నర. "ఈ సైజు మా దగ్గర లేదు, తెప్పించాలి, మధ్యాహ్నం రెండవుతుంది" అన్నాడు దుకాణం అబ్బాయి.

"టైరు మార్చడానికి రెండు దాకానా? మన సెంటర్లో అయితే ఈపాటికి కాఫీ కూడా తాగి బయలుదేరేవాళ్ళం" అంది అమ్మ. ఆమె దృష్టిలో అమెరికాకు పడే మార్కులు ఇలాగే తగ్గుతూ ఉంటాయి.

ఆ ఊరు న్యూ బ్రాన్‌ఫెల్స్. మా ఆస్టిన్ తెలుగువాళ్ళకు అదంటే వాటర్ పార్కు, వేసవిలో ట్యూబుల మీద నదిలో తేలడం, అంతే. తొమ్మిదేళ్ళుగా ఇక్కడ ఉంటూ ఊరి లోపలికి ఒక్కసారైనా వెళ్ళలేదు. దుకాణంలో నాలుగు గంటలు ప్లాస్టిక్ కుర్చీల మీద కూర్చోవడం ఇష్టం లేక, చీర మీద స్వెట్టరు, కాళ్ళకు బూట్లతో ఉన్న అమ్మను నడిపించుకుంటూ గుట్ట మీది సోఫియన్‌బర్గ్ మ్యూజియానికి వెళ్ళాను. చల్లగా ఉంటుందన్నది ఒక్కటే ఆశ. బర్గ్ అంటే కోట అని చెప్పగానే అమ్మ తల పైకెత్తి చూసింది. "కోట ఎక్కడే?"

కోట లేదు. కట్టలేదు. అక్కడి నుంచే మొదలయింది మా కథ.

1842లో రైన్ నది ఒడ్డున బీబ్రిష్ అనే చోట 21 మంది జర్మన్ ప్రభువులు, జమీందార్లు కలిసి ఒక సంఘం పెట్టారు. టెక్సాస్ అప్పటికి అమెరికాలో కలవలేదు, విడి దేశం. అక్కడ భూమి సంపాదించి, మన జనాన్ని పంపి, ఒక కొత్త జర్మనీ నిలబెడదామని ఆలోచన. ఇటు జర్మనీలో పంటలు సరిగా లేవు, చేతిపనులకు గిరాకీ పోతోంది, జనం పెరుగుతున్నారు. సంఘానికి సొమ్ము కడితే ఓడ ప్రయాణం, అక్కడ పొలం, మొదటి పంట వచ్చేదాకా సాయం అన్నారు. పైగా అడిగేది ఊరూపేరూ లేని దళారి కాదు, సాక్షాత్తూ దొరలు. నమ్మకుండా ఎలా ఉంటారు?

"స్థలం ఎవరిది?" అంది అమ్మ. గోడ మీద రాసినవి చదివి చెబుతున్నదాన్ని ఆగిపోయాను. సరిగ్గా అడగవలసిన ప్రశ్న అదే, ఆ 21 మందీ అడగనిదీ అదే.

మొదట వాళ్ళు కొన్నది గడువు తీరబోతున్న ఒక ఒప్పందం. సంఘం మనిషి టెక్సాస్ చేరేలోపే దానికి కాలం చెల్లిపోయింది. పొడిగించమంటే ప్రభుత్వం కుదరదంది. అయినా తగ్గలేదు. 1844 జూన్‌లో ఫిషర్, మిల్లర్ అనే ఇద్దరి దగ్గర ఇంకో ఒప్పందం కొన్నారు. లానో, కొలరాడో నదుల మధ్య 30 లక్షల ఎకరాలకు పైనే. (ఈ కొలరాడో మా ఆస్టిన్ మధ్యలో పారేదే.) చిక్కు ఏమిటంటే, ఫిషర్, మిల్లర్లకు ఆ భూమి మీద హక్కు లేదు. ఫలానా గడువులోగా జనాన్ని తెచ్చి అక్కడ కాపురం పెట్టిస్తామన్న కాగితం మాత్రమే ఉంది. తీరా ఆ నేల కొమాంచీలు అనే అక్కడి ఆదివాసులది. తరతరాలుగా వాళ్ళ గుర్రాలు తిరిగే నేల. డబ్బు ఇచ్చిన దొరలలో ఒక్కడైనా అక్కడికి వెళ్ళి చూసిన పాపాన పోలేదు.

"వెంచర్" అంది అమ్మ. ఒక్క మాట. ఇంకేమీ అనలేదు.

మా ఇంట్లో ఆ మాటకు ఒక వాసన ఉంది. 1994లో నాన్న ఊరి బయట 200 గజాలు కొన్నాడు. రంగుల బ్రోచరులో పార్కు, నీళ్ళ ట్యాంకు, నలభై అడుగుల రోడ్డు. నేను ఏడో తరగతి. ఆ కాగితం మీద మన ఇల్లు ఎక్కడ వస్తుందో పెన్సిలుతో గుర్తు పెట్టాను. తర్వాత తేలింది, అమ్మినవాడికి ఆ చేను మీద ఎలాంటి హక్కూ లేదని. నాన్న మాత్రం ఏటా ఒకసారి వెళ్ళి తుమ్మచెట్ల మధ్య నిలబడి వచ్చేవాడు. పోయేదాకా ఆ అలవాటు మానలేదు.

సరే. ఆ సంఘం పంపిన మనిషి పేరు కార్ల్, సోల్మ్స్-బ్రౌన్‌ఫెల్స్ ప్రభువు. 1844 చివర్లో మొదటి ఓడలు వచ్చి, జనం లవాకా అఖాతం ఒడ్డున దిగారు. ఆ రేవుకు ఆయన తన పేరే పెట్టుకున్నాడు, కార్ల్స్‌హాఫెన్ అని. అసలు భూమి ఇంకా వందల మైళ్ళ లోపల ఉంది. ఇంతమందిని ఒక్క ఊపున తీసుకువెళ్ళడం అయ్యే పని కాదని ఆయనకు అక్కడికి వచ్చాక తెలిసింది. మధ్యలో ఒక మజిలీ కావాలి. అప్పుడు కనబడింది కోమల్ ఊటల దగ్గర ఈ చోటు. 1845 మార్చిలో 1,265 ఎకరాలు 1,111 డాలర్లకు కొన్నాడు. వేరమెండి అనే మెక్సికన్ కుటుంబం ఆడపడుచు, ఆమె భర్త అమ్మారు.

"ఎంత?"

"పదకొండు వందల పదకొండు."

"ఇంకో అయిదు వేస్తే వెయ్యిన్నూట పదహార్లు అయ్యేది కదే! అందుకే అచ్చిరాలేదు."

పెద్దగా నవ్వేశాను. అక్కడున్న ఒక ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు. ఆయనకు వెయ్యిన్నూట పదహార్లు అంటే ఏమిటో ఎలా చెప్పను?

ఆ నెల 21న, గుడ్ ఫ్రైడే నాడు, మొదటి బళ్ళు గ్వాడలూప్ నది దాటాయి. ఇంటికి అర ఎకరం, సేద్యానికి పది ఎకరాలు చొప్పున పంచారు. నికొలాస్ త్సింక్ అనే ఇంజనీరు వీధులు గీశాడు. నెల తిరిగాక ప్రభువు ఈ గుట్ట మీద కోటకు శంకుస్థాపన చేశాడు, తనకు కాబోయే భార్య సోఫీ పేరు మీద. ఆమె టెక్సాస్ రానంది. ఆ రోజు ఆయన ఎగరేసింది ఆస్ట్రియా జెండా అట. కింద కూడలిలో జనం ఒంటి నక్షత్రం ఉన్న టెక్సాస్ జెండా ఎగరేశారట. మే నెల సగమయ్యేసరికి ఆయన ప్రయాణం కట్టాడు. గాల్వెస్టన్‌లో అప్పులవాళ్ళు పట్టుకుంటే, ఆయన స్థానంలో వచ్చిన మోయిజెబాక్ తీర్చి పంపించవలసి వచ్చింది. కార్ల్ మళ్ళీ టెక్సాస్ ముఖం చూడలేదు.

అమ్మకు సోఫీ నచ్చింది. "తెలివైన పిల్ల" అంది.

నాకు మాత్రం ఆ ప్రభువు ముచ్చట్ల మీద ఆసక్తి అక్కడితో పోయింది. కట్టని కోట చుట్టూ ఊరు ఇంత మురిపెంగా కథ అల్లుకుంది. 1846లో సముద్రపు ఒడ్డున ఏం జరిగిందో చదువుతుంటే ఆ మురిపెం మింగుడు పడలేదు. సంఘం చేతిలో డబ్బు లేదు, ఓడలు మాత్రం దిగుతూనే ఉన్నాయి. వేల మంది. ఆ ఏడే మెక్సికోతో యుద్ధం మొదలై, బళ్ళన్నీ, బళ్ళు తోలేవాళ్ళతో సహా, సైన్యం కిరాయికి పోయాయి. జనం ఇసుకలో గుంతలు తవ్వుకుని, డేరాలు వేసుకుని వానలో ఉండిపోయారు. జ్వరాలు, రక్త విరేచనాలు. కొందరు కాలినడకన బయలుదేరారు. ఇక్కడికి 120 మైళ్ళకు పైనే. దారి పొడవునా పోయినవాళ్ళు పోగా, చేరినవాళ్ళు రోగాన్ని ఊళ్ళోకి తెచ్చారు. పోయినవాళ్ళు వందల్లో. ఎర్వెండ్‌బర్గ్ అనే పాస్టరు, ఆయన భార్య కలిసి, అమ్మానాన్నలు లేని 19 మంది పిల్లల్ని ఇంట్లో పెట్టుకున్నారు. తర్వాత నది ఒడ్డున అనాథాశ్రమమే కట్టారు.

ఇక ఆ రేవు? కార్ల్స్‌హాఫెన్ పేరు పోయి ఇండియనోలా అయింది, పెద్ద ఓడరేవయింది, 1875లో ఒకటి, 1886లో ఒకటి, రెండు తుఫాన్లు వచ్చి ఊరినే తుడిచిపెట్టాయి. దివిసీమ తుఫాను చూసిన అమ్మకు దాని గురించి రెండో వాక్యం చెప్పనక్కర్లేకపోయింది.

మోయిజెబాక్ గురించి ఒక మాట రాసుకోవాలి. ఈయనా దొరే, టెక్సాస్ రాగానే బారన్ అనే బిరుదు వదిలేసి జాన్ అని పేరు మార్చుకున్నాడు. ఖాతా పుస్తకాలు చూసి తల పట్టుకున్నాడు. 1846లో ఇంకా లోపల ఫ్రెడరిక్స్‌బర్గ్ ఊరు పెట్టించాడు. మరుసటి ఏడు స్వయంగా కొమాంచీల దగ్గరికి వెళ్ళి, 3,000 డాలర్ల కానుకలు ఇస్తామని ఒప్పందం చేసుకున్నాడు. ఎర్ర గడ్డం చూసి వాళ్ళు ఎర్ర సూర్యుడు అని పేరు పెట్టారు. భూమి ఎవరిదో వాళ్ళనే అడిగినవాడు మొత్తం వ్యవహారంలో ఈయన ఒక్కడే అనిపించింది. అడగడం వల్ల చివరికి కొమాంచీలకు ఏమి మిగిలిందన్నది వేరే సంగతి. ఆ నేల వాళ్ళ చేతిలో లేదు.

మజిలీకని కొన్న ఈ చోటే చాలామందికి ఊరయిపోయింది. ఆ 30 లక్షల ఎకరాల్లో నిలదొక్కుకున్నవాళ్ళు కొద్దిమందే.

పన్నెండున్నరకు లాండా పార్కులో, ఆ ఊటల పక్కన కూర్చుని పులిహోర తిన్నాం. నీళ్ళు గాజులా ఉన్నాయి. ఈ కోమల్ నది ఇక్కడ పుట్టి రెండున్నర మైళ్ళకే గ్వాడలూప్‌లో కలిసిపోతుంది. అమ్మ దోసిలితో తీసుకుని నెత్తిన చల్లుకుంది. గుడికి బదులు అన్నట్టు. దారిలో ఒక గోడ పక్కన నాగజెముడు చూసి ఆగింది, "మన చేలగట్ల మీది చెట్టు ఇక్కడికెవరు తెచ్చారే?" అని. మనమే ఇక్కడి నుంచి తెచ్చుకున్నామంటే నమ్మలేదు. టెక్సాస్ నాగజెముడుకు వృక్షశాస్త్రంలో లిండ్‌హైమర్ అనే ఈ ఊరాయన పేరుంది. మొక్కలు ఏరుకుంటూ తిరిగినాయన, తర్వాత ఇరవై ఏళ్ళు ఇక్కడి జర్మన్ వారపత్రిక నడిపాడు. ఆ పత్రిక 1957 దాకా జర్మన్‌లోనే వచ్చింది. వందేళ్ళకు పైన!

ఇప్పుడు ఆ భాష మాట్లాడేవాళ్ళు ముసలివాళ్ళే. ఆస్టిన్ యూనివర్సిటీ వాళ్ళు 2001 నుంచి వాళ్ళ మాటలు రికార్డు చేసి దాస్తున్నారు. వాళ్ళ జర్మన్‌లో స్కంక్ అనే కంపు జంతువును స్టింక్‌కాట్సె అంటారు, కంపుపిల్లి. వచ్చిన దగ్గరి నుంచీ హైవే మీద ఆ వాసన ఏమిటని అడుగుతున్న అమ్మకు ఇన్నాళ్ళకు ఒక పేరు దొరికింది. సాయంత్రం ఇంటికి రాగానే మనవరాలికి నేర్పింది, "కంపుపిల్లి, అను." పిల్ల అంది. ఈ మధ్య దాని నోట వచ్చిన తెలుగు ముక్క ఇదొక్కటే.

టైరు మూడింటికి గాని రాలేదు. తిరిగి వస్తుంటే రోడ్డు పక్కన నీలం పూలు విరగబూసి ఉన్నాయి. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఏదో ఒకటి అనాలి కదా అని, "నాన్న కూడా ఆ దొరల లాగే, చూడకుండా కొన్నట్టున్నాడు" అన్నాను.

"చూడకుండా ఎందుకు కొంటాడు? రెండుసార్లు వెళ్ళి చూసే కొన్నాడు. నన్నూ తీసుకెళ్ళాడు. చూపించిన చేను వాడిది కాదు, అంతే" అంది.

ముప్పై ఏళ్ళుగా నాన్న అమాయకత్వం మీద ఇంట్లో నేను వేసిన జోకులన్నీ గుర్తుకొచ్చాయి. ఆమె ఒక్కసారి కూడా నన్ను సరిదిద్దలేదు.

వచ్చే శనివారం మళ్ళీ బయలుదేరాలి. ఇప్పుడే గది గుమ్మం దగ్గరకు వచ్చి అడిగింది, టైరు బాగున్నా సరే, ఆ నీళ్ళ దగ్గర కాసేపు ఆగుదామా అని.