డాలస్‌లోనే సీటు, డాలస్‌లోనే అద్దె

మా అమ్మాయికి మెడికల్ స్కూల్ ఆఫర్లు రావడం మొదలైనప్పుడు బంధువుల్లో సగం మంది "ఎంత కట్టాలి" అన్నారు, మిగతా సగం "ఇంటి దగ్గరేనా" అన్నారు. దానికి ఏది ఇష్టం అని అడిగింది మా అత్తయ్య ఒక్కతే, ఆవిడ కూడా అడిగేసి, జవాబు వినకుండా "ఇక్కడే చేరు బంగారం, నేను ఇంకెన్నాళ్లుంటాను" అనేసింది.

మేం ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. ఈ చదువు విషయంలో టెక్సాస్‌లో ఉండటం ఎంత కలిసొస్తుందో వేరే స్టేట్స్‌లో ఉన్న మనవాళ్లకి చెప్తే కుళ్లుకుంటారు. ఇక్కడి స్టేట్ మెడికల్ స్కూల్స్ నూటికి 90 సీట్లు టెక్సాస్ పిల్లలకే ఇవ్వాలి, ట్యూషన్ కూడా ఏడాదికి 20 వేల డాలర్ల పైచిలుకే. అదే ఈస్ట్ కోస్ట్‌లో దానికి సీటొచ్చిన ప్రైవేట్ కాలేజీ అయితే ఫీజు, రెంటు, తిండి, ఇన్సూరెన్సు అన్నీ కలిపి ఏడాదికి లక్ష డాలర్లకి దగ్గరగా తేలింది. స్కాలర్‌షిప్ ఏమీ లేదు. మా ఆడపడుచు "న్యూయార్క్‌లో ఫ్రీ అంట కదా" అని వాట్సాప్‌లో పంపింది, నిజమే, అక్కడి మెడికల్ కాలేజీల్లో ఎన్‌వైయూ 2018 నుంచి, ఐన్‌స్టైన్ 2024 నుంచి ట్యూషన్ తీసుకోవట్లేదు, కానీ ఫ్రీ అని తెలిశాక అక్కడికి అప్లై చేసే వాళ్ల లైను ఎంత పొడుగుందో కూడా చెప్పాలి కదమ్మా!

ఇంకో సంగతి, ఇంట్లో ప్రీమెడ్ (మెడిసిన్‌కి ముందు చేసే డిగ్రీ) పిల్లలున్న వాళ్లు ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఇదివరకు గ్రాడ్ ప్లస్ లోను ఉండేది, కాలేజీ ఖర్చు ఎంతైతే అంత గవర్నమెంటే ఇచ్చేది. 2026 జులై 1 నుంచి కొత్తగా చేరేవాళ్లకి అది లేదు. మెడిసిన్ లాంటి కోర్సులకి ఫెడరల్ లోను ఏడాదికి 50 వేలు, మొత్తం మీద 2 లక్షలు, అంతే. లక్ష ఖర్చయ్యే చోట మిగతా 50 వేలు ఎక్కణ్ణుంచి తెస్తారు, ప్రైవేట్ లోను. దానికి కోసైన్, అంటే హామీ సంతకం ఎవరు, మనమే. ఫెడరల్ లోనుకే వడ్డీ 8 శాతం దగ్గరుంది, అదీ చదువుతున్నప్పటినుంచే పెరుగుతూ ఉంటుంది, తర్వాత రెసిడెన్సీలో, అంటే చదువయ్యాక హాస్పిటల్లో చేసే ట్రైనింగ్‌లో, వచ్చే జీతం ఏడాదికి 60, 70 వేలు. మా ఆయన ఎక్సెల్ షీట్ వేసి చూపిస్తుంటే మా అమ్మాయి దానికంటే ముందే వేసుకున్న షీట్ తెరిచింది, అందులో ట్యాక్స్ కూడా తీసేసి ఉంది.

మేం చేసిన వాటిల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఇంకా ఇంటర్వ్యూలు కూడా మొదలవకముందే, మేం ఇవ్వగలిగింది ఇంత అని దానికి ఒక నంబర్ చెప్పేశాం. టెక్సాస్‌లో నాలుగేళ్లు లోను లేకుండా దాటేంత. ఎక్కడ చేరినా అంతే, పెరగదు, తగ్గదు. మాకు తెలిసిన చాలామంది "దగ్గర్లో చేరితే మొత్తం మేం కడతాం, దూరం పోతే నీ తిప్పలు నువ్వు పడు" అంటారు. డబ్బు కడుతున్నాం కాబట్టి ఓటు కూడా మాదే అనుకోవడం మన ఇళ్లల్లో మామూలే, కానీ 22 ఏళ్ల పిల్లకి అది ఫీజు కాదు, తాడు అని అర్థమైపోతుంది. మా ఆయన మొదట ఒప్పుకోలేదు, "ఎయిమ్స్‌లో సీటొచ్చినా గుంటూరులోనే చేరమంటే చేరిన వాళ్లున్నారు" అన్నారు. ఉన్నారు, ఇప్పటికీ ఆ మాట ఎత్తుతూనే ఉన్నారు కదండీ అన్నాను.

టెక్సాస్ కాలేజీల పద్ధతి వేరు. అక్టోబర్ మధ్య నుంచి ఆఫర్లు వస్తాయి, తర్వాత ఫిబ్రవరిలో మనకి ఏది ముందు, ఏది తర్వాత అని లిస్ట్ ఇవ్వాలి, రెండు వైపుల లిస్టులూ కలిపి చూసే మ్యాచ్‌లో ఒక్కటే మిగులుతుంది. మన వెబ్ ఆప్షన్లే అనుకోండి, కాకపోతే అక్కడ ఎంట్రన్స్ ర్యాంకుని బట్టి సీటు, ఇక్కడ కాలేజీలు కూడా మన పిల్లల్ని వరసలో పెట్టుకుంటాయి. డాలస్‌లో యూటీ సౌత్‌వెస్టర్న్, గాల్వెస్టన్‌లో యూటీఎంబీ, మా అమ్మాయి లిస్టులో పోటీ ఈ రెండింటి మధ్యే. గాల్వెస్టన్‌ది 1891లో పెట్టిన కాలేజీ, సముద్రం పక్కనే, డాలస్ నుంచి ఐ-45 ఎక్కితే తిన్నగా అక్కడే దిగుతాం, ఐదు గంటలు. దానికి అక్కడి వాతావరణం భలే నచ్చింది. నాకేమో 2008లో ఐక్ హరికేన్‌కి ఆ హాస్పిటల్లోకి నీళ్లొచ్చిన ఫోటోలే కళ్లల్లో తిరిగేవి, అయినా నోరు కట్టేసుకున్నాను.

చివరికి డాలస్‌నే ముందు పెట్టింది, అదే వచ్చింది. పార్క్‌ల్యాండ్ హాస్పిటల్ పక్కనే ఉంది, అక్కడ చూసేన్ని కేసులు ఇంకెక్కడా దొరకవని కారణం చెప్పింది. ప్రైవేట్ సీటు ఏప్రిల్ గడువుకి ముందే వదిలేసింది. అత్తయ్య వెంటనే దాని గది సర్దించడం మొదలుపెట్టింది, అప్పుడు మా అమ్మాయి మెల్లగా బయటపెట్టింది, క్యాంపస్ దగ్గర ఇంకో అమ్మాయితో కలిసి అపార్ట్‌మెంట్ తీసుకుంటుందట. ఇంట్లో గదులు ఖాళీగా పెట్టుకుని ఊళ్లోనే అద్దె కడతావా అని మా ఆయన లేచారు. అది చాలా నెమ్మదిగా, "నాన్నా, థర్డ్ ఇయర్‌లో తెల్లారి ఐదింటికి వార్డులో ఉండాలి, టోల్‌వే మీద ఎన్నింటికి బయల్దేరమంటారు" అంది. అది ఒక కారణం. అసలు కారణం నాకు వంటింట్లో చెప్పింది: "ఇంట్లో ఉంటే ప్రతి వీకెండ్ ఎవరిదో గృహప్రవేశం, ఎవరిదో సీమంతం, రానంటే నాయనమ్మ అలుగుతుంది, వస్తే ఎగ్జామ్ పోతుంది." కాదనలేకపోయాను, పోయిన నెలే నాలుగు పిలుపులు వచ్చాయి.

అద్దె మేమిచ్చే నంబర్లోంచే, కాబట్టి మాట్లాడ్డానికి మాకేం లేదు. ఇద్దరూ పంచుకుంటున్నారు గనక చివర్లో ఎంతో కొంత మిగిలేలా ఉంది, ఆ మిగిలింది ఎవరిదన్న దగ్గర మాత్రం ఇంకా తేలలేదు. మా ఆయన దాన్ని పెళ్లి ఖాతాలో రాసుకున్నారు, అదేమో రెసిడెన్సీకి ఊరు మారే ఖర్చు కింద రాసుకుంది.