బతుకమ్మకు బస్సులో: లండన్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్

లండన్ వచ్చి ఏడాదైనా పండగలన్నీ నాకు ఫోన్‌లోనే జరిగాయి. 2022 సెప్టెంబర్ చివర్లో డిసర్టేషన్ ఇచ్చేసి ఖాళీగా ఉన్నప్పుడు మా పెద్దమ్మ కూతురు ఫోన్ చేసింది. "ఆదివారం ఇక్కడ అందరం కలిసి బతుకమ్మ ఆడుతున్నం, నువ్వు రావే" అంది. అక్కా బావా ఉండేది ఆమ్‌స్టర్‌డామ్ పక్కనే ఉన్న ఆమ్‌స్టెల్‌వేన్‌లో. మనవాళ్లు చాలామంది ఉండే ఊరు అది. విమానం టికెట్, దానిమీద బ్యాగేజీ కలిపితే నా చేతిలో ఉన్న డబ్బు చాలలేదు. రైలూ అంతే. బస్సు మాత్రం అందులో మూడో వంతుకే దొరికింది.

పదకొండు గంటలు బస్సులో కూర్చోవడం నాకు కొత్త కాదు. చిన్నప్పటి నుంచి హన్మకొండ బస్టాండులో రాత్రి బస్సులు ఎక్కిన దాన్నే. టెన్షనంతా సరిహద్దు గురించే. నా యూకే స్టూడెంట్ వీసా సముద్రం అవతల చెల్లదు, యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా విడిగా తీసుకోవాలి. కనీసం 30,000 యూరోలకు వైద్య బీమా, తిరుగు టికెట్, అక్క పంపిన ఆహ్వాన పత్రం, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ ఒక ఫైల్లో పెట్టుకున్నాను. ఇలాంటి ప్రయాణం చేసేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే: ఆ ఫైలు డిక్కీలో వేసే పెట్టెలో పెట్టొద్దు. చేతి సంచిలోనే ఉండాలి.

తిండి విషయంలోనూ ఒక నియమం ఉంది. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చాక, 2021 జనవరి నుంచి, మాంసం, పాలతో చేసినవేవీ అటు తీసుకెళ్లనివ్వరు. నెయ్యి లేకుండా మలీద ముద్దలెక్కడివి? అందుకే నువ్వులు, పల్లీలు వేయించి, పొడి కొట్టి, చక్కెర కలిపి రెండు డబ్బాల సత్తుపిండి చేసుకున్నాను.

శుక్రవారం రాత్రి తొమ్మిదికి విక్టోరియా కోచ్ స్టేషన్‌లో బస్సు బయల్దేరింది. 1932లో కట్టిన స్టేషన్ అది. నా పక్క సీట్లో ఘనా నుంచి వచ్చిన పెద్దావిడ. కూతురు కాన్పుకు వెళ్తున్నానని చెప్పింది. ఊరు దాటకముందే సగం బస్సు నిద్రపోయింది. మా అమ్మ వాట్సాప్‌లో "పైలం బిడ్డా" అని వాయిస్ పెట్టింది. అది మూడుసార్లు విన్నాను.

పదకొండున్నరకు డోవర్ రేవు. ఇక్కడి నుంచి బస్సుతో సహా ఓడలో సముద్రం దాటాలి. ఇక్కడొక సంగతి చాలామందికి తెలియదు. ఫ్రాన్స్‌లోకి వెళ్లే తనిఖీ ఫ్రాన్స్‌లో కాదు, ఇంగ్లండ్ గడ్డ మీదే జరుగుతుంది. డోవర్ రేవులోనే ఫ్రెంచి పోలీసులు కూర్చుని పాస్‌పోర్టులు చూస్తారు. తిరిగొచ్చేటప్పుడు బ్రిటిష్ అధికారులు అవతలి ఒడ్డున ఉన్న ఫ్రెంచి రేవు కలేలో కూర్చుని చూస్తారు. ఓడ ఎక్కకముందే తేల్చేస్తారన్నమాట.

అందరం దిగి ఒక గదిలోకి వెళ్లి లైన్లో నిలబడ్డాం. యూరప్ పాస్‌పోర్టులున్నవాళ్లు ఒక్కొక్కరు పావు నిమిషంలో వెళ్లిపోయారు. నా వంతు వచ్చేసరికి అధికారి పాస్‌పోర్టు అటూ ఇటూ తిప్పి, ఎక్కడికి, ఎన్ని రోజులు, ఎవరింట్లో, తిరుగు టికెట్ ఏది అని అడిగాడు. కాగితాలన్నీ తీసి ఇచ్చాను. ఆయన అవి పట్టుకుని లోపలికెళ్లాడు. అద్దంలోంచి చూస్తే బయట బస్సు ఇంజను ఆన్‌లో ఉంది, డ్రైవరు మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. గదిలో నాతోపాటు ఇంకొకరే మిగిలారు, ఆ ఘనా పెద్దావిడ. ఆమెకూ ప్రశ్నలే.

విమానంలో అయితే తనిఖీ ఎవరిది వాళ్లదే. బస్సులో అలా కాదు. నా పాస్‌పోర్టు వల్ల నలభై మందికి పైగా ఆగాలి. వాళ్ల ఓడ తప్పిపోవచ్చు. ఇరవై నిమిషాలకు ముద్ర పడ్డాక పరుగెత్తి బస్సెక్కి, తలెత్తకుండా సీట్లో కూర్చున్నాను. ఎవరూ విసుక్కోలేదు. నా తర్వాత పెద్దావిడ ఎక్కినప్పుడు డ్రైవరు మళ్లీ మొదటి సీటు నుంచి చివరి సీటు దాకా తలలు లెక్కపెట్టి తలుపు వేశాడు. ఆమె ఏమీ అనకుండా ఒక నారింజ పండు ఒలిచి సగం నా చేతిలో పెట్టింది. అప్పుడు ఏడుపొచ్చింది.

బస్సు నేరుగా ఓడ కడుపులోకి వెళ్లి లారీల మధ్య ఆగింది. ఓడ నడిచేంతసేపూ బస్సులో ఉండనివ్వరు, అందరూ పైకి వెళ్లాలి. డెక్ నంబరు, మెట్ల రంగు గుర్తుపెట్టుకోవాలి, లేకపోతే దిగేటప్పుడు బస్సు దొరకదు. నేను ఫోటో తీసుకున్నాను. డోవర్ నుంచి కలేకు గంటన్నర. జలసంధి అన్నిటికంటే ఇరుకైన చోట 33 కిలోమీటర్లే. పై డెక్ మీదికెళ్లి చీకట్లో నీళ్లవైపు చూస్తూ నిలబడ్డాను. అంతకుముందు ఏడాది, 2021 నవంబర్‌లో, ఈ నీళ్లలోనే ఇంగ్లండ్ వైపు వస్తున్న వలసదారుల రబ్బరు పడవ మునిగి కనీసం 27 మంది చనిపోయారు. నా చేతిలో ఉన్న ఫైలు లేనివాళ్లు వాళ్లు. గాలికి చేతులు మొద్దుబారేదాకా అక్కడే ఉన్నాను.

కలేలో దిగగానే గడియారం గంట ముందుకు జరిగింది, బస్సు రోడ్డుకు కుడివైపుకు మారింది. రేవు చుట్టూ లైట్ల వెలుగులో ఎత్తైన తెల్లటి కంచెలు, వాటి మీద ముళ్లతీగ. అవి దాటాక మాత్రం ఎవరూ ఆపలేదు. డంకర్క్ దాటి ఎప్పుడు బెల్జియంలోకి వచ్చామో ఫోన్‌లో నెట్‌వర్క్ మెసేజ్ వస్తే తెలిసింది. నక్షత్రాల వలయం మధ్యలో దేశం పేరున్న నీలం బోర్డు ఒకటి అలా వెనక్కి వెళ్లిపోయింది, అంతే. ఘెంట్, ఆంట్వెర్ప్ నిద్రలోనే దాటాం. మధ్యలో ఒక పెట్రోలు బంకు దగ్గర డ్రైవర్లు మారారు. యూరప్ నియమం ప్రకారం నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు విశ్రాంతి తప్పనిసరి. బండిలో ఉండే టాకోగ్రాఫ్ ప్రతి నిమిషాన్నీ రాసిపెడుతుంది. మన రాత్రి బస్సుల డ్రైవర్లకూ ఇంత కచ్చితంగా నిద్ర దక్కాలని ఆ బంకు దగ్గర కాఫీ తాగుతూ అనుకున్నాను.

పొద్దున తొమ్మిదికి ఆమ్‌స్టర్‌డామ్‌లో స్లోటర్‌డైక్ స్టేషన్ దగ్గర దిగాను. బావ వచ్చి నా పెట్టె అందుకున్నాడు. పెద్దావిడ అల్లుడు కారులోంచే చెయ్యి ఊపాడు. ఆమె నన్ను గట్టిగా పట్టుకుని వెళ్లిపోయింది.

ఆదివారం బతుకమ్మ గురించి ఎంతైనా రాయొచ్చు. తంగేడు దొరకలేదు. కానీ పక్కనే ఆల్స్‌మీర్, ప్రపంచంలోనే పెద్ద పూల వేలం జరిగే ఊరు. చేమంతులకు, డాలియాలకు కొదవలేదు. మన గునుగు జాతి పువ్వే సిలోసియా పేరుతో కట్టలు కట్టలుగా అమ్ముతున్నారు. అక్క ఆ కట్ట నా చేతికిచ్చి "వాసన చూడు" అంది. వాసనేమీ లేదు. అయినా చాలాసేపు ముఖానికి పెట్టుకున్నాను.

సోమవారం పొద్దున తిరుగు బస్సు. మధ్యాహ్నానికి కలే. ముందు ఫ్రెంచివాళ్ల ముద్ర, తర్వాత బ్రిటిష్ అధికారి. బీఆర్‌పీ కార్డు, అంటే యూకేలో ఉండటానికి ఇచ్చిన అనుమతి కార్డు, చూసి, కోర్సు అయిపోయింది కదా అని అడిగాడు. జనవరి దాకా వీసా ఉంది, ఫలితాలు రావాలి అని ఉన్నదున్నట్టు చెప్పాను. వెళ్లమన్నాడు.

ఈసారి ఆగింది నా ముందు సీటు అబ్బాయి కోసం. ఇరవై ఏళ్లుంటాయేమో. దారంతా ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కిటికీకి ఆనుకుని కూర్చున్నాడు. పావుగంట, అరగంట, నలభై నిమిషాలు. డ్రైవరు రెండుసార్లు లోపలికెళ్లి వచ్చాడు. సత్తుపిండిలో అక్క మిగిల్చి కట్టిచ్చిన పొట్లం నా ఒళ్లో ఉంది, అతను ఎక్కితే పెడదామని విప్పి పెట్టుకున్నాను. మూడోసారి డ్రైవరు ఒక అధికారితో కలిసి వచ్చి, డిక్కీ తెరిచి నల్ల బ్యాగు ఒకటి తీసి కింద పెట్టాడు. లోపలికొచ్చి తలలు లెక్కపెట్టాడు. తలుపు మూసుకుంది.

ఓడ మీద ఎండ బాగా కాసింది. డోవర్ తెల్లటి కొండలు కనిపించగానే అందరూ ఫోన్లు తీశారు. నేను కింద బస్సు దగ్గరికి ముందే వెళ్లి నిలబడ్డాను. రాత్రి విక్టోరియాలో దిగేటప్పుడు చూస్తే, ముందు సీటు జేబులో అతని నీళ్ల సీసా సగం నిండి అలాగే ఉంది.